పురుడు, నామకరణం, బారసాల: బిడ్డకు పేరు పెట్టే పని సక్రమంగా జరగాలంటే

శ్రీకాకుళం, విజయనగరం వైపు బిడ్డ పుట్టిందని తెలియగానే చుట్టాలు రెండు మాటలు అడుగుతారు. "పురుడెప్పుడు?" "పేరేటెడతారు?" రెండూ ఒకే వేడుక గురించి అడిగినట్టు ఉంటాయి గానీ కావు. పురుడు, నామకరణం, బారసాల మూడు వేర్వేరు పనులు. చాలా ఇళ్లలో మూడింటినీ ఒకే పూట కానిచ్చేస్తారు కాబట్టి మాటలూ కలిసిపోయాయి. కలిపి చేసుకోవడంలో తప్పు లేదు. ఏది ఎందుకో తెలియకుండా కలిపితేనే చిక్కు. ముహూర్తం దేనికి చూడాలో తెలియదు, కార్డులో ఏం రాయాలో తెలియదు. పురోహితుడు పేరు రాసే బియ్యం పళ్లెం ముందు కూర్చుని "పేరు చెప్పండి బాబూ" అన్నాక అత్తవారూ పుట్టింటివారూ మొహమొహాలు చూసుకుంటారు.

ఏ మాట దేనికి

పురుడు అన్న మాట ప్రసవానికీ, ఆ తర్వాత పాటించే పది రోజుల అశుచికీ, దాన్ని కడుక్కునే రోజుకూ చెల్లుతుంది. "మంత్రసాని పురుడు పోసింది" అంటే కాన్పు చేసిందని. "మాకు పురుడొచ్చింది" అంటే జ్ఞాతుల్లో, అంటే దాయాదుల ఇంట్లో, బిడ్డ పుట్టింది, పది రోజులు గుడికి వెళ్లకూడదు, వ్రతాలు పెట్టుకోకూడదు అని. "పదకొండోనాడు పురుడు" అంటే ఆ రోజు బాలింతకు, బిడ్డకు తలంటు పోసి, ఇల్లు కడిగి, పుణ్యాహవచనం చేసి శుద్ధి చేసుకుంటారని. ఆ రోజు పేరు పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు.

నామకరణం షోడశ సంస్కారాల్లో ఒకటి. గర్భాధానం, పుంసవనం, సీమంతం, జాతకర్మ అయ్యాక వచ్చే ఐదోది. ఇది మంత్రంతో, సంకల్పంతో చేసే పని. వాడుకలో "బిడ్డకు ఫలానా అని నామకరణం చేశారు" అనాలి. "బిడ్డను నామకరణం చేశారు" అనడం కుదరదు. వీధికి, వంతెనకు, ఓడకు కూడా నామకరణం చేస్తారు కాబట్టి ఈ మాట పత్రికల్లోనూ సభల్లోనూ ఎక్కువ వినిపిస్తుంది. ఇంట్లో మాత్రం "పేరెట్టినాం" అంటేనే సహజంగా ఉంటుంది.

బారసాల వేడుక పేరు. బాలసారె అని కూడా అంటారు. బిడ్డను తొట్టిలో వేసి ఊపడం, ముత్తయిదువలు పాటలు పాడడం, శనగలు, తాంబూలం పంచడం, చుట్టాలు బట్టలు పెట్టడం, భోజనాలు అన్నీ ఇందులోకే వస్తాయి. వీధికి నామకరణం చేయొచ్చు గానీ బారసాల చేయలేం. అది పసిబిడ్డకే. కార్డుల్లో కనిపించే డోలారోహణం అంటే తొట్టిలో వేయడమే.

రోజు ఎలా లెక్కపెట్టాలి

బిడ్డ పుట్టిన రోజును ఒకటిగా లెక్కపెట్టాలి. సోమవారం పుడితే పదకొండో రోజు గురువారం, ఇరవయ్యొకటో రోజు ఆదివారం. క్యాలెండర్ చేతిలో లేనప్పుడు గుర్తు ఇది: పుట్టిన వారం నుంచి మూడు రోజులు ముందుకు లెక్కపెడితే పదకొండో రోజు ఏ వారమో తెలుస్తుంది. పుట్టిన వారానికి ఒక రోజు ముందు వచ్చే వారమే ఇరవయ్యొకటో రోజుది.

తరచూ జరిగే పొరపాటు తెల్లవారుజాము కాన్పుల దగ్గర. మంగళవారం తెల్లవారుజామున 3 గంటలకు పుట్టిన బిడ్డకు ఆసుపత్రి కాగితంలో మంగళవారం తేదీ వేస్తారు. పంచాంగం ప్రకారం సూర్యోదయం కాలేదు కాబట్టి అది ఇంకా సోమవారమే. పుట్టినరోజు సర్టిఫికెట్టుకు ఆసుపత్రి తేదీ, పురుడు లెక్కకు పంచాంగం వారం. రెండింటినీ ఒక కాగితం మీద విడివిడిగా రాసి గోడకు అంటించుకుంటే అందరూ ఒకే లెక్క మీద ఉంటారు. మన వైపు సూర్యుడు బేగి పొడుస్తాడని కూడా గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం హైదరాబాద్‌కు అయిదు డిగ్రీలకు పైగా తూర్పున ఉంది, అంటే దాదాపు ఇరవై నిమిషాల తేడా. నక్షత్రం మారే గడియ గడియారం ప్రకారం దేశమంతటా ఒకటే. రాహుకాలం, దుర్ముహూర్తం మాత్రం సూర్యోదయం మీద కట్టేవి కాబట్టి హైదరాబాద్ లెక్కతో వేసిన క్యాలెండర్ చూసి ఇక్కడ ముహూర్తం పెట్టుకోకూడదు.

ఆపస్తంబ గృహ్యసూత్రం పదో రోజున బాలింత లేచి స్నానం చేశాక తల్లీ తండ్రీ పేరు పెడతారని చెప్పింది. మనుస్మృతి పదో రోజు గానీ పన్నెండో రోజు గానీ, కాకుంటే మంచి తిథి నక్షత్రం చూసి గానీ అంది. వాడుకలో పది రోజులు గడిచాక పదకొండో రోజు స్థిరపడింది. ఆ రోజు చేస్తే శాస్త్రం చెప్పిన కాలంలోనే చేసినట్టు కాబట్టి మూఢం, అధికమాసం అడ్డు రావు. వర్జ్యం, దుర్ముహూర్తం తప్పించుకుంటే చాలు. ఆ రోజు దాటితేనే ముహూర్తం వెతకాలి. రోహిణి, మృగశిర, పునర్వసు, పుష్యమి, హస్త, స్వాతి, అనూరాధ, శ్రవణం, రేవతి లాంటి నక్షత్రాలు చూస్తారు. చవితి, నవమి, చతుర్దశి, అమావాస్య వదిలేస్తారు.

బిడ్డ నెలలు నిండక పుట్టి ఆసుపత్రిలోనే ఉన్నా, బాలింతకు ఆపరేషన్ కుట్లు మానకపోయినా పదకొండో రోజు ఇంటి శుద్ధి ఒక్కటే కానిచ్చి, పేరు ఇరవయ్యొకటో రోజుకో మూడో నెలకో పెట్టుకోవడం అన్ని విధాలా మంచిది. పెద్దవాళ్లు "రోజు దాటిపోతాది" అని తొందరపెడతారు. శుద్ధికి రోజు ఉంది, వేడుకకు లేదు. ఈ తేడా నెమ్మదిగా వివరిస్తే వాళ్లే ఒప్పుకుంటారు.

పేరు తేల్చుకోవడం

ఇదే అసలు పని. కనీసం మూడు రోజుల ముందే తేలిపోవాలి. సంప్రదాయంగా బిడ్డకు నాలుగు పేర్లు: కులదేవత పేరు, పుట్టిన నెలను బట్టి వచ్చే విష్ణు నామం, నక్షత్రాన్ని బట్టి వచ్చే పేరు, పిలుచుకునే పేరు. మొదటి మూడూ పళ్లెంలోనూ సంకల్పంలోనూ ఉంటాయి. నాలుగోది జీవితాంతం ఉంటుంది. ఈ సంగతి తెలిస్తే ఇంట్లో సగం వాదాలు తీరిపోతాయి. నానమ్మ కోరిన ఇలవేల్పు పేరు మొదటి స్థానంలోకి, జాతకం అక్షరం మూడో స్థానంలోకి వెళ్తాయి. బిడ్డ తల్లిదండ్రులకు నచ్చిన పేరు నాలుగోది అవుతుంది. ఎవరి మాటా పోదు.

నక్షత్రాక్షరం లెక్క ఇలా ఉంటుంది. ఇరవై ఏడు నక్షత్రాలకు ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108. ఒక్కో పాదానికి ఒక అక్షరం. రోహిణికి ఓ, వా, వీ, వూ. మఖకు మా, మీ, మూ, మే. స్వాతికి రూ, రే, రో, తా. అనూరాధకు నా, నీ, నూ, నే. రేవతికి దే, దో, చా, చీ. చంద్రుడు ఒక పాదం దాటడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. కాబట్టి పుట్టిన సమయంలో అయిదు పది నిమిషాల తేడా సాధారణంగా అక్షరాన్ని మార్చదు. పాదం మారే అంచున పుట్టిన బిడ్డకు మాత్రం మారుస్తుంది. అలాంటప్పుడు కాన్పు గదిలో రాసిన సమయమే తీసుకోవాలి, బయట కూర్చున్నవాళ్లకు కబురందిన సమయం కాదు.

కొన్ని పాదాలకు పేరు మొదలయ్యే అక్షరమే ఉండదు. ఆర్ద్రకు కూ, ఘ, ఙ, ఛ. హస్తకు పూ, ష, ణ, ఠ. ఙ తోనూ ణ తోనూ తెలుగులో పేరు మొదలవదు. అలాంటప్పుడు అదే నక్షత్రంలో మరో పాదం అక్షరం తీసుకుంటారు. లేదా ఆ అక్షరాన్ని జాతకంలో రాసుకుని, పిలిచే పేరు వేరే పెట్టుకుంటారు. "ఠ"తో పేరు కావాలని ఫోనులో వెతికి, ఎవరికీ అర్థం కాని మాట పట్టుకురావడం కంటే ఇది ఎంతో నయం.

అక్షరాల సంఖ్యకూ నియమం ఉంది. గృహ్యసూత్రాలు మగపిల్లలకు సరి సంఖ్య, రెండో నాలుగో అక్షరాలు, ఆడపిల్లలకు బేసి సంఖ్య అన్నాయి. ఒత్తులున్నా అది ఒక్క అక్షరమే. కృష్ణ రెండు, కల్యాణి మూడు, సూర్యనారాయణ ఆరు. అయితే సీత, లక్ష్మి రెండక్షరాలే. ఆ పేర్లు పెట్టుకోని ఊరుందా? కాబట్టి సంఖ్య సరిపోలేదని మంచి పేరు వదులుకోనక్కర్లేదు.

మన జిల్లాల పేర్లలో ఊరి దేవుడు ఉంటాడు. సింహాద్రి అప్పన్న వల్ల అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ వచ్చారు. సింహాచలం అన్నది మగవారికీ ఆడవారికీ పేరే. అరసవల్లి స్వామి పేర సూర్యనారాయణలు, శ్రీకూర్మం పేర కూర్మారావులు, కూర్మినాయుళ్లు, శ్రీముఖలింగం పేర ముఖలింగాలు ఉన్నారు. విజయనగరం పైడితల్లి పేర పైడిరాజు, పైడమ్మ, అసిరితల్లి పేర అసిరినాయుడు, అసిరమ్మ. ఇచ్ఛాపురం, సోంపేట వైపు జగన్నాథం, జగన్నాథరావు ఎక్కువ. తవిటినాయుడు, తవిటమ్మ మరో రకం. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో కొత్త బిడ్డను తవుడుకు ఇచ్చి, తిరిగి తెచ్చుకున్నట్టు చేసి పెట్టిన పేర్లుగా వీటిని పెద్దలు చెబుతారు. వాటిని మోటు పేర్లని నవ్వడం చాలా అన్యాయం. ఆ పేరులో బిడ్డ బతకాలన్న తల్లి కోరిక ఉంది. అప్పల, కూర్మ, పైడి పేర్లు ఇప్పటి పిల్లలకు బరువనిపిస్తే కులదేవత నామంగా పళ్లెంలో రాయించి వంశంలో నిలబెట్టుకోవచ్చు. లేదా సూర్యుడి పేరే కావాలంటే ఆదిత్య, భాస్కర్, రవి ఉండనే ఉన్నాయి.

ఫోనులో చూసి ఎంచుకున్న పేర్లకు మూడు పరీక్షలు పెట్టాలి. మొదటిది అర్థం. పేర్ల జాబితాలో రాసిన అర్థాన్ని నమ్మకుండా నిఘంటువు తీసి చూడాలి. అనామిక పలకడానికి బాగుంటుంది, పేరు లేనిదని అర్థం. దుహిత అంటే కూతురు, అంతే. రెండోది నోరు. తెలుగు నోటికి మాట చివర అచ్చు కావాలి. "అంశ్" అని పెడితే వీధిలో "అంశు" అవుతుంది, "శ్", "ష్", "స్" కలిసిపోతాయి. నానమ్మ పెరట్లోంచి వీధిలో ఆడుకుంటున్న గుంటణ్ని పిలవాలి. ఆవిడ చేత నాలుగుసార్లు గట్టిగా పిలిపించి చూడండి. ఆవిడ నోట్లో ఏ రూపం వస్తుందో బిడ్డ పేరు అదే. మూడోది ఇంగ్లీషు అక్షరాలు. "త"కు ఒక చోట ఒక్క టీ, ఇంకో చోట టీ పక్కన హెచ్. "శ్రీ"కి ఒక చోట ఎస్ ఆర్ ఐ, మరోచోట ఎస్ హెచ్ ఆర్ డబుల్ ఈ. ఏదో ఒకటి తేల్చి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక కాగితం మీద రాసి, తల్లీ తండ్రీ ఇద్దరూ చదివి సరే అనుకోవాలి. ఇంటిపేరు పొడి అక్షరంగా వదలకుండా పూర్తిగా రాయాలి, తల్లిదండ్రుల ఆధార్‌లో ఉన్నట్టే రాయాలి.

బియ్యం పళ్లెం

పురోహితుడు పసుపు గణపతిని పూజించి, పుణ్యాహవచనం చేసి, ఆ నీళ్లు ఇంట్లో చల్లి, బాలింతకూ బిడ్డకూ చల్లాక పళ్లెం దగ్గరికి వస్తారు. జాతకర్మ పుట్టినప్పుడు చేసి ఉండరు కాబట్టి దాన్నీ ముందుగా ఇక్కడే చేయిస్తారు. సంకల్పానికి గోత్రం, తల్లిదండ్రుల పేర్లు, బిడ్డ నక్షత్రం, పాదం ఒక చీటీ మీద రాసి ముందే ఇవ్వండి. గోత్రం గుర్తురాక తాతగారికి ఫోన్ చేసేలోపు బిడ్డ నిద్ర లేస్తుంది.

పళ్లెం పదిహేను అంగుళాలది కావాలి, అంచు కాస్త లేచి ఉండాలి. బుడితి కంచు, ఇత్తడి పళ్లేలు మన దగ్గరే దొరుకుతాయి, ఇందుకు చక్కగా ఉంటాయి. దానికి కిలో బియ్యం సరిపోతాయి, వేలి మందాన పరుచుకుంటాయి. తక్కువైతే గీసినప్పుడు పళ్లెం అడుగు తగిలి కిర్రుమంటుంది, ఎక్కువైతే గీత పక్కనుంచి గింజలు జారి అక్షరం పూడిపోతుంది. సన్న బియ్యం, పొడిగా, నూకలు లేకుండా ఉండాలి. బాసుమతి గింజ పొడవు, ఒత్తులు నిలవవు. పసుపు కలపాలనుకుంటే పొడి పసుపు చిటికెడు చల్లండి. నీళ్లతో కలిపితే గింజలు ముద్దలు కడతాయి.

రాసేది తండ్రి. బంగారు ఉంగరాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని రాయి లేని నున్నటి వైపుతో గీయాలి. రాయి వైపు గింజలను ఎత్తిపడేస్తుంది. ఉంగరం లేకపోతే పసుపు కొమ్ము చాలు. అక్షరం కనీసం రెండు వేళ్ల వెడల్పు ఉండాలి. ముందు అక్షరం రాసి, తర్వాత తలకట్టో గుడులో కొమ్ములో పెట్టి, చివర ఒత్తు రాయాలి. ముందే ఒత్తు రాస్తే పైఅక్షరం దిద్దేటప్పుడు చెయ్యి తగిలి చెరిగిపోతుంది. నాలుగు పేర్లూ ఒకే పళ్లెంలో ఇరికించాలని చూస్తే ఏదీ చదవడానికి రాదు. ఒక్కోటి రాసి, అక్షతలు వేసి, దండం పెట్టుకుని, అరచేత్తో సమం చేసి తర్వాతిది రాయండి. పిలిచే పేరు చివర రాసి అలాగే ఉంచండి, ఫోటోలు తీసుకునేవాళ్లకూ అదే కావాలి. పైన ఫ్యాన్ ఆపడం మర్చిపోవద్దు, పక్కన దీపం ఉంటుంది.

అక్షతలకు పావు కిలో బియ్యం, ఒక చెంచా పసుపు, రెండు చుక్కల నెయ్యి. నెయ్యి లేకపోతే పసుపు అంటుకోదు, ఎక్కువైతే బిడ్డ బట్టల మీద మరకలు. అక్షతలు పెద్దవాళ్ల తలమీదే వేయాలి, బిడ్డకు మాత్రం పాదాల దగ్గర రెండు గింజలు. కంట్లోనో చెవిలోనో పడితే పసిగుడ్డు చెప్పుకోలేదు.

రాయడం అయ్యాక బిడ్డ కుడి చెవిలో పేరు మూడుసార్లు చెప్పాలి. మొదట తండ్రి, తర్వాత తల్లి. ఆ తర్వాత తాత, నానమ్మ, అమ్మమ్మ, మేనత్త. అక్కడితో ఆపాలి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ వంగి చెవిలో చెబితే బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది, దగ్గు జలుబు ఉన్నవాళ్ల తుంపర్లు మొహాన పడతాయి. మిగతావాళ్లు కూర్చున్నచోటు నుంచే పేరుపెట్టి దీవించొచ్చు. చెవికి నోరు ఆనించకుండా జానెడు దూరం నుంచి మెల్లగా చెప్పాలి.

నోట్లో ఏం పెట్టకూడదు

బంగారంతో తేనె, నెయ్యి నాకించడం జాతకర్మలో భాగంగా వస్తున్న ఆచారం. ఇక్కడ గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టకూడదు. తేనెలో ఉండే క్లాస్ట్రిడియం బాటులినం బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. బిడ్డ మలబద్ధకంతో మొదలై, పాలు తాగలేక, మెడ నిలపలేక, చివరకు ఊపిరి తీసుకోలేని స్థితికి వెళ్లొచ్చు. పెద్దవాళ్ల పేగులు ఆ బీజాలను మొలకెత్తనివ్వవు కాబట్టి మనకేమీ కాదు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు. తేనె ఉన్న గిన్నెకు ఉంగరం తాకించి, బిడ్డ నుదుటికి తాకిస్తే తంతు నెరవేరుతుంది. ముందే చెబితే పురోహితులు చాలామంది అభ్యంతరపెట్టరు. పీట మీద కూర్చున్నాక చెబితే మాట పెరుగుతుంది.

వస అరగదీసి నాకించడం, కంటికి కాటుక దిద్దడం కూడా వదిలేయండి. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. దిష్టి చుక్క అరికాలికో చెంపకో చాలు. సాంబ్రాణి పొగ, హోమం పొగ బిడ్డ ఉన్న గదిలోకి రానివ్వకూడదు. మొలతాడు కట్టేటప్పుడు రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచండి. పాలు తాగాక పొట్ట ఉబ్బుతుంది, అప్పుడు చూసి కట్టాలి.

తొట్టి

చీరతో కట్టే తొట్టికి మెత్తబడ్డ నూలు చీర మేలు. కొత్త పొందూరు ఖద్దరు బట్ట పరవాలని ముచ్చటపడితే రెండుసార్లు ఉతికి గంజి పోగొట్టాలి. పట్టుచీర జారిపోతుంది, ముడి నిలవదు. వేడుకకు పట్టుచీర పైన అలంకారంగా చుట్టుకోండి, బరువు మోసేది నూలు చీరే కావాలి. చీర రెండు అంచులూ దగ్గరికి వచ్చి బిడ్డ మొహం మీద పడకుండా పైన అడ్డంగా మూరెడు కర్ర కట్టాలి. దూలానికో ఉయ్యాల కొక్కేనికో వేలాడదీయాలి. సీలింగ్ ఫ్యాన్ కొక్కేనికి మాత్రం ఫ్యాన్ ఉండగా ఎప్పుడూ వద్దు. తొట్టి అడుగు నేలకు అడుగున్నర ఎత్తులో ఉంటే చాలు.

బిడ్డకంటే ముందు తొట్టిలో రుబ్బురోలు పొత్రం పెట్టి ఊపే ఆచారం ఉంది. పొత్రంలా బిడ్డ గట్టిగా ఉండాలని దీవెన. ముడి ఎంత గట్టిగా ఉందో కూడా అప్పుడే తెలిసిపోతుంది. ముందురోజు రాత్రి పది కిలోల బియ్యం బస్తా వేసి అరగంట వదిలేస్తే ముడి ఎక్కడ జారుతుందో తెలుస్తుంది. బంతిపూల దండలు తొట్టి బయటివైపే కట్టండి. లోపల కడితే రేకులూ చీమలూ బిడ్డ మీద పడతాయి.

ముత్తయిదువలు అయిదుగురు పసుపు, కుంకుమ పెట్టుకుని, మేనత్త బిడ్డను అందుకుని తల తూర్పుకో దక్షిణానికో వచ్చేలా పడుకోబెడుతుంది. రెండు లాలిపాటలు, హారతి. పది నిమిషాలు చాలు. వేడుక అయ్యాక బిడ్డను తొట్టిలోనే గంటలకొద్దీ నిద్రపుచ్చకూడదు. వంగిన గుడ్డలో గడ్డం రొమ్ముకు ఆని ఊపిరి ఇరుకవుతుంది. నిద్రకు చదునైన పక్క మీద, వెల్లకిలా పడుకోబెట్టాలి.

మొత్తం తంతు బిడ్డ పాల వేళకు కుదరాలి, ఫోటోగ్రాఫర్ వచ్చే వేళకు కాదు. పసిబిడ్డ రెండు మూడు గంటలకోసారి తాగుతుంది. పాలు పట్టి, త్రేన్పించి, ఇరవై నిమిషాలాగి పీటల మీదకు తెస్తే నలభై నిమిషాలు చేతిలో ఉంటాయి. గణపతి పూజ, పుణ్యాహవచనం తండ్రి ఒక్కడే కూర్చుని కానిస్తే ఆ నలభై నిమిషాలూ పేరుకూ తొట్టికీ మిగులుతాయి.

కొన్ని ఇళ్లలో ఆ రోజే బాలింత చేత నూతి దగ్గర పసుపు, కుంకుమ పెట్టించి చేద వేయిస్తారు. ఆపరేషన్ కాన్పు అయితే నిండు బొక్కెన లాగకూడదు. తాడు ఆమె ముట్టుకుంటుంది, తోడేది ఇంకొకరు. నుయ్యి లేని ఇంట్లో కుళాయి దగ్గర చెంబుతో కానిస్తారు.

శనగలు, తాంబూలం

నల్ల శనగలు కిలో నానబెడితే సుమారు రెండు కిలోలవుతాయి. మనిషికి గుప్పెడు, అంటే అరవై గ్రాముల లెక్కన ముప్పై మందికి పైగా సరిపోతాయి. ఎనిమిది పది గంటలు నానితే చాలు. ఎండాకాలంలో మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి, లేకుంటే పులిసి వాసన వస్తుంది. వార్చాక గుడ్డ మీద గంటసేపు ఆరబెట్టి సంచుల్లో వేయండి. తడిగా కడితే ఇంటికి చేరేసరికి జిగురు పట్టేస్తాయి. తాంబూలంలో ఆకులు రెండు, వక్క, పండు, శనగలు, పసుపు, కుంకుమ. ఆకు కాడలు కోయకుండా ఇవ్వాలి.

కార్డులో ఏం రాయాలి

పేరు అప్పటికే తేలినా కార్డులో వేయకపోవడం మంచిది, చెవిలో చెప్పాకే బయటికి రావాలని పెద్దల మాట. "మా ద్వితీయ పుత్రిక నామకరణం, డోలారోహణ వేడుక ఫలానా తేదీ ఉదయం ఇన్ని గంటలకు మా స్వగృహంలో జరుగుతుంది. బిడ్డను ఆశీర్వదించ ప్రార్థన" అంటే సరిపోతుంది. "నామకరణం చేయు నామకరణ మహోత్సవం" లాంటి రెట్టింపులు వద్దు. నామకరణంలో చివరిది ణ, న కాదు. పేరు వేసే కార్డుల్లో ఆడబిడ్డ పేరు ముందు చి.ల.సౌ. రాస్తున్నారు, అది పెళ్లికూతురికి. పసిపిల్లకు చిరంజీవి చాలు, అబ్బాయికీ అదే. తొలి చూలు కాన్పు పుట్టింట్లో అయితే పిలిచేవారుగా అమ్మమ్మ, తాతల పేర్లు రాసి, కింద తల్లిదండ్రుల పేర్లు రాస్తారు. నానమ్మ, తాతల పేర్లు మర్చిపోతే ఆ మాట ఏళ్ల తరబడి వినాల్సి వస్తుంది.

రిజిస్టర్‌లో పేరు

జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయాలి, రుసుము ఉండదు. ఆసుపత్రి కాన్పు అయితే ఆసుపత్రివారే పంపుతారు. ఇంట్లో అయితే పల్లెలో పంచాయతీ కార్యదర్శికి, పట్టణంలో మున్సిపాలిటీకి ఇంటి పెద్ద చెప్పాలి. బారసాల ఇరవయ్యొకటో రోజున పెట్టుకున్నవాళ్లు "పేరు పెట్టాక రాయిద్దాం" అని ఆగుతారు. దాంతో గడువు దాటిపోతుంది. ఆగనక్కర్లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం బిడ్డ పేరు లేకుండానే నమోదు చేయనిస్తుంది. నమోదైన నాటి నుంచి 12 నెలల్లోగా పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ల వరకు చేర్పించుకోవచ్చు. నమోదే ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఆ రోజు, ఆ తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేర్చడం, ఆధార్, ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్సు, ప్రభుత్వ ఉద్యోగం వంటివాటికి పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. కాబట్టి పేరు చేర్పించేటప్పుడు, ముందు తేల్చి రాసి పెట్టుకున్న కాగితాన్నే పట్టుకెళ్లండి. తల్లి పేరు, తండ్రి పేరు, బిడ్డ పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అక్షరం అక్షరం సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి. ధ్రువపత్రం చేతికొచ్చిన రోజునే మరోసారి చదవండి. తప్పు అప్పుడే కనిపిస్తే దిద్దించడం సులువు. బిడ్డ బడికెళ్లాక కనిపిస్తే ప్రతి కాగితమూ మార్పించాల్సి వస్తుంది.